ఒక్క పేరు మాటున ఎనిమిది చేపలు

మాటకు వెలుగునిచ్చు శక్తి యున్నట్లే కప్పివేయు శక్తియు కలదు. గాదెలో అక్కుళ్ళు తరిగిపోయి ముతకవడ్లు పెరిగినను, “ధాన్యము నిండుగానే ఉన్నది” అనుటలో అబద్ధమేమియు లేదు. కాని ఆ మాటను నమ్మి గాదె తలుపు తీసి చూడని గృహస్థు పండుగనాడు మోసపోవును. ఐరోపాఖండపు పడమటి సముద్రములలో స్కేటు అను చేప విషయమున ఇట్టి మోసమే అనేక దశాబ్దులపాటు జరిగినది. అక్కడి రేవులలో ఏటేట వ్రాసిన లెక్కలు తప్పులు కావు. తూకములును తప్పులు కావు. తూచిన చేపకు పెట్టిన పేరొక్కటియే చాలనిది. ఆ ఒక్క పేరు మాటున ఎనిమిది జాతుల చేపలుండగా, అందు మూడు కనుమరుగైన పిమ్మట గాని శాస్త్రజ్ఞులు నష్టమును పూర్తిగా గుర్తింపలేకపోయిరి.

టేకునకు దాయాది

స్కేటు మన తీరమున దొరకు టేకుచేపకు దాయాది. టేకువలెనే దాని దేహము చదునై, ఇరుప్రక్కల వెడల్పైన రెక్కలతో, తోకగల గాలిపటమును తలపించును. కన్నులు వీపుమీద నుండును. నోరు పొట్టవైపున నుండును. సొరచేపకు వలెనే దానికిని గట్టి యెముకలు లేవు. అస్థిపంజరమంతయు మెత్తని తరుణాస్థియే. సముద్రపు అడుగున ఇసుకలోనో బురదలోనో ఒదిగియుండి పీతలను, రొయ్యలను, చిన్నచేపలను పట్టి తినును.

అయినను ఈ దాయాదులకు రెండు ముఖ్యభేదములు కలవు. టేకుల తోకకు సామాన్యముగా విషపు ముల్లుండును. స్కేటునకు అది లేదు. టేకు పిల్లలను కనును. స్కేటు గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్డు కోడిగ్రుడ్డువలె గుండ్రనిది కాదు. నాలుగు మూలల నాలుగు కొమ్ములు గల తోలుసంచివలె నుండును. పిల్ల వెడలిపోయిన పిదప ఆ డొల్లలు ఒడ్డునకు కొట్టుకొనివచ్చును. బ్రిటిషు తీరముల ప్రజలు వానిని “జలకన్య చేతిసంచి” అని ముద్దుగా పిలుతురు.

ప్రపంచమున స్కేటుజాతులు దాదాపు మూడువందలు కలవు. ఐరోపా తీరమున వానిలో మిక్కిలి పెద్దది “సాధారణ స్కేటు”. అది రెండున్నర మీటర్లకు మించి పెరుగును. బ్రిటిషు దీవుల చుట్టును ఒకప్పుడు విరివిగా దొరకినది గనుక ఆ విశేషణము దానికి చక్కగా తగియుండెను. రెక్కల మాంసము తినుటకు యోగ్యము. ఫ్రాన్సులోను, బ్రిటనులోను దానికి చిరకాలముగా గిరాకి యున్నది. నేడు ఆ “సాధారణ” చేప ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘమువారి పట్టికలో అత్యంత ప్రమాదస్థితిలో నున్న జీవుల వరుసలో చేరినది. పేరులోని విశేషణము మాత్రము పాతకాలపు శిలాశాసనమువలె నిలిచిపోయినది.

సంచివల వివేచన యెరుగదు

తెరచాపల కాలమున చేపలవేట గాలివాటమునకు లోబడి యుండెడిది. 1881లో ఇంగ్లండునందలి గ్రిమ్స్‌బీ రేవున “జోడియాక్” అను ఆవిరి ట్రాలరు వెలసినది. ట్రాలు వల యనగా సముద్రపు అడుగును ఒరసికొనుచు ఓడ వెంట ఈడ్వబడు పెద్ద సంచివల. ఆవిరి వచ్చిన తరువాత గాలి లేకున్నను, లోతు హెచ్చినను వల యాగదు. కాలక్రమమున ఆవిరికి మారుగా చమురు యంత్రములు వచ్చినవి. ఓడల బలము మరింత పెరిగినది.

ఈ వల ప్రధానముగా కాడ్ చేపకొరకో, సోల్ వంటి చదును చేపల కొరకో వేయబడును. అడుగున పడియుండు స్కేటు దానిలో అదనముగా చిక్కును. ఇచ్చటనే ఒక చిక్కు గలదు. ఒక్క జింక కొరకే అడవికి పోవు వేటగాడు, జింకలు అరుదైనపుడు కూలి గిట్టక వేట మానును. ఆ విరామమున మిగిలిన జింకలు మరల పెరుగును. పదిరకముల జంతువులను ఒక్క ఉచ్చుతో పట్టువాడు జింకలు తగ్గినను ఉచ్చు తీయడు; తక్కిన తొమ్మిదియు వాని ఖర్చును భరించును. సంచివలకు స్కేటుతో గల సంబంధ మిట్టిది. స్కేటు లేకున్నను ఓడకు నష్టము లేదు. కావున స్కేటు తరిగిపోవుట వేటను ఆపజాలదు.

మరియొక విశేషము. కాడ్ వంటి చేపల పిల్లలు మొదట మిక్కిలి చిన్నవై వలకన్నులనుండి జారిపోవును. పెద్ద స్కేటుపిల్ల గ్రుడ్డునుండి వెడలునప్పటికే జానెడుకు మించి యుండును. అందుచేత పుట్టిన నాటినుండియు అది వలకు లోబడినదే. బాల్యమని వలకు దయలేదు.

పిల్లవాండ్రకు చెప్పదగిన గణితము

సాధారణ స్కేటు సుమారు పదునొకండేండ్లకు గాని ఈడునకు రాదనియు, ఏటికి నలువది గ్రుడ్లకు మించి పెట్టదనియు శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. ఆడ కాడ్ ఒక్క ఋతువులో లక్షలకొలది గ్రుడ్లు విడుచును. కాడ్‌ది వరిచేని బ్రతుకు; స్కేటుది తాటితోపు బ్రతుకు. వరి కోసినచో మరుసటి యేడు మరల పండును. తాటిచెట్టు కొట్టినచో మరల కాయ చూచుటకు ఏండ్లు పట్టును. తాటితోపును వరిచేనివలె ఏటేట కోయబూనినచో ఏమగునో చిన్న లెక్కవలన తెలియును.

నూరు స్కేటుపిల్లలు ఒక్కయేట పుట్టినవనుకొందము. ఏటేట మిగిలినవానిలో నూటికి పదింటి చొప్పున చచ్చినచో, పదునొకండేండ్లకు ముప్పదియొకటి మిగిలి తల్లులగు వయస్సునకు వచ్చును. నూటికి ముప్పది చొప్పున చచ్చినచో మిగులునవి రెండే. ఏటేట సగము చొప్పున చచ్చినచో, రెండువేలు పుట్టినను ఆ వయస్సునకు చేరునది ఒక్కటియే. అయిదేండ్లకే ఈడేరు చిన్నజాతి స్కేటును తీసికొందము. అదే నూటికి ముప్పది చావులో నూటికి పదునేడు పిల్లలు ఈడునకు వచ్చును. వల ఒక్కటే, సముద్ర మొక్కటే, చావు లెక్క యొక్కటే. కాని ఒకజాతి బ్రతికి బట్టకట్టును, మరియొకజాతి నామమాత్రమగును. పెద్దజాతులు ముందుగా నశించుటకు మూలకారణ మిదియే.

లెక్కపుస్తకపు నిశ్చింత

1981లో కీత్ బ్రాండర్ అను శాస్త్రజ్ఞుడు “నేచర్” పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. బ్రిటనుకును ఐర్లండునకును నడుమ నున్న ఐరిష్ సముద్రమునందు సాధారణ స్కేటు కనుమరుగైనదని దాని సారము. యుద్ధము లేదు, తెగులు లేదు, ఆ చేపను రూపుమాపవలెనని యెవ్వరును కంకణము కట్టుకొనలేదు. నిత్యము జరుగు వేటవలననే విశాలమైన సముద్రమొకదానిలో ఒకనాటి సామాన్యపు చేప లేకుండపోయెను. సముద్రము అక్షయపాత్రమను పాతనమ్మకమునకు అది పెద్ద దెబ్బ.

అయినచో రేవులలోని లెక్కలు ముందుగా హెచ్చరింపవలదా? హెచ్చరింపలేదు. ఏలయన ఫ్రాన్సులో తప్ప ఆ దేశములలో పెక్కింట పట్టుబడిన చేపలనన్నిటిని “స్కేట్లు, టేకులు” అను ఒక్క శీర్షిక క్రింద కలిపి వ్రాయుచుండిరి. రెక్కలు కోసి అమ్ముటకు ఏజాతియైన నేమి? తూకము వచ్చిన చాలును. ఆ మొత్తపు తూకము ఏండ్ల తరబడి పెద్దగా తగ్గలేదు. చూచినవారు వేట నిలుకడగా నున్నదని తృప్తిపడిరి.

2000 సంవత్సరమున నికొలస్ డల్వీ అను శాస్త్రజ్ఞుడును, సహచరులును ఆ తృప్తిలోని డొల్లతనమును బయటపెట్టిరి. వారు రేవులెక్కలను నమ్మి యూరకొనక, జాతిజాతిని విడదీసి లెక్కించిన పరిశోధక నౌకల సర్వేలను పరిశీలించిరి. పొడవుమూతి స్కేటును, తెల్లస్కేటును కానరాకుండపోయినవి. సాధారణ స్కేటు క్షీణత ధ్రువపడినది. మిగిలిన అయిదుజాతులలో పెద్దవి మూడు తగ్గినవి. చిన్నవి రెండు మాత్రము పెరిగినవి. పెద్దచేపలును, చిన్నచేపలును చాలవరకు ఒకే ఆహారమునకు పోటీపడునవి. పెద్దవి తొలగినందున వాని ఆహారము చిన్నవానికి దక్కి, అవి వృద్ధి చెందియుండునని వారి అభిప్రాయము. ఈ చిన్నవాని పెరుగుదలయే మొత్తపు తూకమును నిలబెట్టి, పెద్దవాని లోటును కప్పిపుచ్చినది.

ఉమ్మడికుటుంబమున పెద్దలొక్కరొక్కరే గతించుచుండగా పసిబిడ్డలు పుట్టుచున్నారని తలలు లెక్కించి, “మా యింట అందరును క్షేమము” అని జాబు వ్రాసినట్లున్నది ఈ వ్యవహారము. తలల సంఖ్య నిజమే. క్షేమమను మాట నిజము కాదు.

రెండుచేపలకు ఒక్క శాస్త్రనామము

సంతలోని మాట సంగతి యట్లుండగా, శాస్త్రజ్ఞుల మాటయు నిర్దోషము కాదని తరువాత తేలినది. పూర్వము ప్రకృతిశాస్త్రవేత్తలు కొందరు ఈ పెద్ద స్కేట్లలో రెండు జాతులున్నవని వ్రాసియుండిరి. 1926లో ఆర్. ఎస్. క్లార్క్ ఐరోపా స్కేట్లను పునఃపరిశీలించి, ఆ రెండును ఒకటేయని నిర్ణయించెను. ఎనుబదియేండ్లకు పైగా లోకము ఆ నిర్ణయమునే అనుసరించినది.

2010లో సామ్యూల్ ఇగ్లేసియాస్ మొదలగు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు రేవులలో దిగిన చేపలను రూపమునుబట్టియు, జన్యుపదార్థమునుబట్టియు పరీక్షించి, పూర్వుల మాటయే సత్యమని చాటిరి. ఒకటి నీలిస్కేటు, దాని ఆడచేప సుమారు ఒక మీటరు ఇరువది సెంటీమీటర్ల పొడవునకు ఈడేరును. రెండవది ఫ్లాపర్ స్కేటు. దాని ఆడచేప దాదాపు రెండు మీటర్లు పెరిగిన గాని ఈడేరదు. మీదిగణితము ప్రకారము వీనిలో ఎక్కువ అపాయము దేనికో విడమరచి చెప్పనక్కరలేదు. ఒకే పేరున్నంతకాలము ఒకదాని ఉనికి మరియొకదాని లేమిని కప్పినది.

ఇంకొక చిత్రమేమనగా, స్కేట్లను జాతులవారీగా వ్రాయు ఆచారము గల ఫ్రెంచి రేవులలోనే ఈ కుదురునకు చెందిన అయిదుజాతులు రెండే పేర్ల క్రింద అమ్ముడగుచుండినవని వారు కనుగొనిరి. పేరు లేకపోవుట ఒక కీడు. తప్పుపేరు అంతకు మించిన కీడు. పేరు లేనిచోట సందేహమైనను మిగులును. తప్పుపేరున్నచోట సందేహము కూడ చచ్చును.

2009 నుండి ఐరోపా సమాఖ్య సాధారణ స్కేటును ఓడలో ఉంచుకొనుటనే నిషేధించినది. వలలో పడినచో మరల నీటిలో విడువవలెను. ముఖ్యమైన స్కేటుజాతులను వేర్వేరుగా వ్రాయవలెనను నిబంధనయు ఆ కాలముననే వచ్చినది. గుణపాఠము ఆలస్యముగా నేర్చినను నేర్చిరి.

తిరిగివచ్చిన చేప, తిరిగిరాని చేప

అట్లాంటికు ఆవలియొడ్డున జరిగిన కథ కొంత ధైర్యము కలిగించును. కెనడా, అమెరికా తీరములలో “బార్న్‌డోర్ స్కేటు” కలదు. ధాన్యపుకొట్టు తలుపంత వెడల్పుండునని దానికాపేరు. 1998లో జిల్ కేసీ, రాన్సమ్ మైయర్స్ అను పరిశోధకులు “సైన్స్” పత్రికలో అది అంతరించుటకు చేరువైనదని హెచ్చరించిరి. న్యూఫౌండ్‌లాండు దక్షిణమున సెంట్ పియేర్ అను సముద్రపు మెరకపై 1950 దశకమున ఆరులక్షలుగా అంచనా వేయబడిన ఆ చేపలు, 1970 దశకమునకు అయిదువందలకు లోపైనవని వారు చూపిరి. ఎవరును దానికొరకు వల వేయలేదు. ఇతర చేపలతోబాటు చిక్కి నశించినది.

తరువాత లోతునీళ్ళలో అది కొంత మిగిలియున్నట్లు కనబడినది. అమెరికా తీరమందలి జార్జెస్ మెరకపై 1994లో కాడ్ మొదలగు చేపల రక్షణకై విశాలమైన ప్రాంతములను సంచివలలకు మూసివేసిరి. 2003లో బార్న్‌డోర్ స్కేటును పట్టి ఉంచుకొనుట నిషేధించిరి. అది క్రమముగా పెరిగినది. 2018లో పరిమితముగా మరల పట్టుటకు అనుమతి యిచ్చునంతగా కోలుకొన్నది. విశ్రాంతి దొరకినచో తాటితోపు కూడ మరల చిగుర్చునని దీనివలన తేలినది.

కాని నిషేధమే సర్వరోగనివారణి కాదు. 2003లోనే అక్కడ నిషేధింపబడిన ముండ్లస్కేటు మెయిన్ సింధుశాఖలో నేటికిని కోలుకొనలేదు. నీరు వేడెక్కుటయు దానికి ప్రతికూలమై యుండునని శాస్త్రజ్ఞులు అనుమానించుచున్నారు. కొన్ని జాతులు పిలిచిన వెంటనే తిరిగివచ్చును, కొన్ని రావు. ఏది వచ్చునో ఏది రాదో ముందుగా చెప్పుట కష్టము గనుక, పోకముందే కాపాడుకొనుట తెలివి.

స్కాట్లండు పడమటి తీరమున ఫ్లాపర్ స్కేటునకు నేడొక ఆశ్రయము దొరకినది. లాక్ సునార్ట్ మొదలు జూరా జలసంధి వరకు గల సాగరభాగమును 2014లో దానికై సంరక్షిత ప్రదేశముగా ప్రకటించిరి. స్కై దీవి చేరువను దాని గ్రుడ్లు పెట్టు తావు బయటపడగా, 2021లో దానిని తాత్కాలికముగాను, 2023లో శాశ్వతముగాను రక్షితము చేసిరి. ఆర్క్నీ దీవులలో ఈ జాతి గ్రుడ్డొకటి మనుష్యసంరక్షణలో పొదుగుటకు 534 దినములు పట్టినది. దాదాపు ఏడాదిన్నర! అంతకాలమును ఆ తోలుసంచి కదలక మెదలక రాళ్ళనడుమ పడియుండవలెను. ఆ మధ్యకాలమున ఒక్కమారు సంచివల దానిపై ఈడ్వబడిన చాలును.

మన తీరమున

ఈ కథ పరదేశమున జరిగినదైనను మనకు దానితో పని లేదనరాదు. తెలుగువారు “టేకు” అను మాటను ఒక్క చేపకు పేరువలె వాడుదురు. నిజమునకు ఆ మాటలో పెక్కుజాతులు ఇమిడియున్నవి. చేటంత వెడల్పునకే ఎదుగుట ఆగునవి కొన్ని, బండిమీద వేసికొని పోవలసినంత పెరుగునవి కొన్ని. టేకు గ్రుడ్లు పెట్టకున్నను స్కేటు స్వభావమునకు దూరము కాదు. ఈతకు కొలది పిల్లలనే కనును, పెద్దజాతులు ఎదుగుటకు ఏండ్లు పట్టును. విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి పోవు ట్రాలుపడవల వలలలో అదియు అదనముగానే చిక్కును.

తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవలవేట నిషిద్ధము. త్వరగా ఈడేరి విరివిగా గ్రుడ్లు పెట్టు రొయ్యలకును, చిన్నచేపలకును ఈ విరామము మేలు. ఏండ్లలెక్కన ఎదుగు చేపకు రెండునెలల విరామము నిట్టూర్పు విడుచుటకైనను చాలదు. టేకుల కుదురునకే చెందిన రంపపుమూతి చేపను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చవలసి వచ్చినది. ఒకప్పుడు మన సముద్రములలో పరిచితమైన ఆ చేప నేడు కంటబడుటయే అరుదు.

ఇంకను కఠినమైన ఉదాహరణము జావాద్వీపమునుండి వచ్చినది. 1862లో నేటి జకార్తా నగరపు చేపలబజారున కొన్న ఒక చిన్నటేకు, శాస్త్రమునకు తెలిసిన ఆ జాతి చేపలలో మొదటిదియు, కడపటిదియు నైనది. 2023లో ఆ జాతి అంతరించినదని ప్రకటించిరి. ఆ నడుమ నూటయరువదియేండ్లలో ఆ చేప ఎన్నిమారులు బుట్టలలో ఇతర టేకులతో కలిసి “టేకు” అను ఒక్క మాటతో అమ్ముడయ్యెనో చెప్పగలవారు లేరు.

లెక్కించుటకు ముందు పేరు పెట్టవలెను. పేరు పెట్టుటకు ముందు చూడవలెను. ఈ పని ఓడలకును, ప్రయోగశాలలకును మాత్రమే చెందినది కాదు. తీరగ్రామముల బడులలో చదువుకొను బెస్తల బిడ్డల యిండ్లలో, చేప రంగునుబట్టి, మచ్చలనుబట్టి, తోకనుబట్టి జాతి చెప్పగల పెద్దలున్నారు. వారి మాటలు నిఘంటువులకు చాలవరకు ఎక్కలేదు. ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థులచేత ఒక్క సంవత్సరము పాటు రేవున దిగిన టేకులను వేర్వేరు పేర్లతో, బారలతో, తేదీలతో ఒక నోటుపుస్తకమున వ్రాయించినచో, అందులో ప్రకృతిశాస్త్రమును కలదు, గణితమును కలదు, తెలుగును కలదు. ఏ పేరు ముందుగా ఆ పుస్తకమునుండి తప్పిపోవుచున్నదో ఆ తరగతిలోని పిల్లలే మొదట కనుగొందురు.